పలక కింది రంగు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ రంగులమ్మే. మొగుడు మెకానిక్కు. మూలపడ్డ ట్రాక్టర్లకు ప్రాణం పోసేది అతనైతే, ముఖకళ తెచ్చేది ఈమె. ఇంజను బిగించి, పొగగొట్టం మొదటి దగ్గు దగ్గగానే అతను చేతులు తుడుచుకుని పక్కకు తప్పుకునేవాడు. అక్కణ్ణుంచి పని ఆమెది. డబ్బా మూత మీద ఏ రంగని రాసుందో ఆమె పట్టించుకునేది కాదు. "ఎరుపని రాస్తే ఎరుపైపోతుందా? మా ఆయనకి బుద్ధిమంతుడని సర్టిఫికెట్ ఉంది" అనేది.

ఆ ఏడాది వానలు వెనకపట్టాక పెద్ద పని ఒకటి వచ్చింది. ఊరి చివరి ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వాళ్ళు, తాము మొట్టమొదట తయారుచేసిన రకం బండిని ఎక్కడో పాత ఇనుము కొట్టులో పట్టుకుని, తెచ్చి ఆమె షెడ్డు ముందు దించారు. గేటు పక్కన దిమ్మె కట్టి దాని మీద నిలబెడతారట.

"సరిగ్గా ఆనాటి రంగే కావాలమ్మా" అన్నాడు వెంట వచ్చిన ఆఫీసరు. "అటూ ఇటూగా ఉంటే కుదరదు. ఆ రంగు చూసి అరమైలు దూరం నుంచే మా బండి అని గుర్తుపట్టేవాళ్ళు."

"నమూనా ఏదైనా ఉందా?"

"ఉంటే నీ దగ్గరికెందుకొస్తాం?"

కొన్నవాడల్లా తన ఇష్టం వచ్చిన రంగు పూసుకున్నాడు ఆ బండికి. మడ్‌గార్డు మీద అరచేయంత మేర నీళ్ళు పోసి గరుకు కాగితంతో రుద్దితే పైన ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మళ్ళీ ఎరుపు, అట్టడుగున వెలిసిపోయిన పసుపు. ఎండ తిన్న రంగును నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. అందుకని ఎండ ముఖం చూడని చోటు కోసం బండంతా వెతికింది. స్టీరింగు ముందు ఫ్యాక్టరీ వాళ్ళు బిగించిన ఇత్తడి నంబరు పలక కనిపించింది. నాలుగు రివెట్లూ తొలిచి పలక లేపింది. కింద అగ్గిపెట్టెంత మేర, నిన్న వేసినట్టు, పసుపుకీ నారింజకీ నడుమ నిగనిగలాడుతూ ఉంది రంగు.

"దొరికావే!" అంది రంగులమ్మ.

దొరికింది గానీ లొంగలేదు. రేకు ముక్కల మీద ఐదుసార్లు కలిపి వేసింది. తడిగా ఉన్నప్పుడు కుదిరినట్టే ఉండి, ఆరాక మొహం మార్చేది. నీడలో అక్కచెల్లెళ్ళలా ఉన్నవి ఎండలోకి తెస్తే ఒకదానికొకటి పరాయివి.

"వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడం అంటే ఇదే" అన్నాడు మెకానిక్కు. "మామయ్యని అడగొచ్చుగా?"

షెడ్డు వెనక గదిలో ఉంటాడు ఆమె తండ్రి. ఆ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు ఆ రంగే కొట్టాడు. మొగుడి మాట కాదనలేక రేకు ముక్క పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఈ రంగు గుర్తుందా నాన్నా?"

ఆయన ఒక్క చూపు చూసి తల గోడవైపు తిప్పుకున్నాడు. "అది ఇక్కణ్ణుంచి తియ్యమ్మా."

ఆమె మళ్ళీ అడగలేదు. వాళ్ళిద్దరి మధ్య రెండోసారి అడిగేంత మాటలు ఏనాడూ లేవు.

ఆయన రెండు చేతులూ మణికట్ల దగ్గర్నుంచి చచ్చుబడ్డాయి. మోచెయ్యి లేపితే అరచెయ్యి తాడు మీద తడిబట్టలా వేలాడేది. గుండీ పెట్టుకోలేడు, తాళం తిప్పలేడు. ఎందుకలా అయిందో అందరికీ తెలుసు. తాగుడు. ఫ్యాక్టరీ డాక్టరే అలా రాసిచ్చాడు. నెలకోసారి, జీతం రోజున, తోటి పనివాళ్ళతో కలిసి ఆయన రెండు గ్లాసులు తాగిన మాట నిజమే. ఆ నిజం చాలింది. తాగి పనికొచ్చి రంగు కొట్టే తుపాకీ జారవిడిచాడని చెప్పి ఇంటికి పంపేశారు. భార్య కూతుర్ని తీసుకుని వేరే వీధికి వెళ్ళిపోయి బట్టలు కుట్టి పెంచింది. "మీ నాన్నని సీసా మింగేసిందే" అనేది, సూదిలో దారం ఎక్కించుకుంటూ. చివరి రోజుల్లోనూ మొగుణ్ణి గడప తొక్కనివ్వలేదు. ఆమె పోయాక నలుగురూ ఏమనుకుంటారోనని రంగులమ్మ తండ్రిని తెచ్చి వెనక గదిలో పెట్టుకుంది. వేళకు తిండి, గుండీలు లేని చొక్కాలు, శుభ్రమైన పక్క. అంతకుమించి ఆమె పెట్టలేదు, ఆయన అడగలేదు.

తన పెళ్ళినాడు ఆయన దగ్గరికి రాబోతే ఆమె చెవిలో చెప్పింది: "చేతులు జేబుల్లో పెట్టుకో నాన్నా. అందరూ చూస్తున్నారు." ఆయన చివరి వరసలో, అందరూ వెళ్ళిపోయేదాకా, అలాగే జేబుల్లో చేతులతో కూర్చున్నాడు.

ఆరో రేకూ తప్పాక, పలక కింది రంగును గోరంత పెచ్చుగా లేపి, పొట్లం కట్టి, రంగులు పరీక్షించేచోటికి పంపింది. వారానికి అక్కడి కెమిస్టు ఫోన్ చేశాడు. పెద్దాయన గొంతు.

"ఈ పెచ్చు పొడిగా గీకావా, తడిపి గీకావా?"

"తడిపే."

"బతికించావు. ఇందులో ఐదో వంతు సీసమమ్మా. ఆ రోజుల్లో ఈ నిగనిగ దానివల్లే వచ్చేది. ఇప్పుడది వాడరు. వేరే పొడులతో కలుపుకో, పాళ్ళు రాసి పంపిస్తాను. పాత పెయింటు మాత్రం పొడిగా రుద్దకు. ఇంట్లో ఎవరూ ఆ దుమ్ము పీల్చకూడదు."

"పీలిస్తే ఏమవుతుంది?"

"ఒకరోజుకి ఏం కాదు. ఏళ్ళ తరబడి దాన్ని కొట్టినవాళ్ళకి ముందు కడుపులో మెలిపెట్టేది. చిగుళ్ళ మీద నల్లటి గీత పడేది. తర్వాత చేతులు. మణికట్లు ఇలా కిందికి వేలాడిపోయేవి. పాత పుస్తకాల్లో బొమ్మలుంటాయి. చూస్తే గుర్తుపట్టేస్తావు."

రంగులమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది. "నెలకి రెండు గ్లాసుల తాగుడు వల్ల కూడా అలా అవుతుందా?"

"రెండు గ్లాసులకి రెండు చేతులూ పడిపోతే ఊళ్ళో చేతులున్నవాడు ఒక్కడుండడు" అని నవ్వాడాయన. ఆమె నవ్వకపోయేసరికి తనూ ఆగిపోయాడు.

రిపోర్టు వచ్చింది. దాన్ని రెండురోజులు కొంగున కట్టుకుని తిరిగింది. మూడోరోజు మధ్యాహ్నం తండ్రి ముందు పీట వేసుకుని కూర్చుని, అక్షరం వదలకుండా చదివి వినిపించింది. కెమిస్టు చెప్పినదీ చెప్పింది.

"సీసా అన్నారు కదమ్మా" అన్నాడాయన.

"సీసా కాదు నాన్నా. సీసం."

"రోజూ గ్లాసెడు పాలిచ్చేవాళ్ళు మాకు. రంగు కొట్టేవాళ్ళకే. మిగతావాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు. ఎందుకిస్తున్నారని మేమూ అడగలేదు. పాలెవడైనా వద్దంటాడా?" ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "నేనూ తాగుడేననుకున్నాను. ఆ గ్లాసులు కూడా మానేసి మీ అమ్మకి ఎన్ని కబుర్లు పంపానో. మానేసినా చేతులు రాలేదు. చేసిన తప్పు అంత పెద్దదేమో అనుకున్నాను."

"నాన్నా, పెళ్ళిరోజున నేను..."

"నువ్వనకపోయినా దాచుకునేవాణ్ణే" అన్నాడాయన. ఆ మాట ఆమెకు ఊరటగా ఉండాలనే అన్నాడు. కత్తిలా దిగింది.

ఆ సాయంత్రం ఆయనే గది బయటికి వచ్చి, "నన్నొక చోటికి తీసుకెళ్ళమ్మా" అన్నాడు. "పాటగాడి భార్యకి చెప్పాలి."

పాటగాడంటే ఆయనతోపాటు రంగు కొట్టినవాడు. పని చేస్తున్నంతసేపూ పాడేవాడని ఆ పేరు. అతని చేతులూ పడిపోయాయి, అతన్నీ తాగుబోతని పంపేశారు. పోయి చాలా ఏళ్ళయింది. మర్నాడు పొద్దున్నే మెకానిక్కు ఇద్దర్నీ వ్యాన్‌లో తీసుకెళ్ళాడు.

సందు చివర, ఇంటి ముందుగదిలోనే చిన్న ఇస్త్రీ కొట్టు. ముసలామె ఇస్త్రీ పెట్టె ఆపకుండానే తలూపింది. "అన్నయ్యా, ఇంకా ఉన్నావన్నమాట."

"ఉన్నానమ్మా. ఒక మాట చెప్పిపోదామని వచ్చాను."

ఆయన సగం చెప్పి కూతురికేసి చూస్తే మిగతాది రంగులమ్మ చెప్పింది, కాగితం చూపించింది. ముసలామె కాగితం ముట్టుకోలేదు. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, చొక్కా మడతపెట్టి, ఇంకోటి తీసుకుంది.

"ఆయన తాగుబోతు" అంది.

"కాదమ్మా, అదే చెప్తున్నా..."

"అన్నయ్యా, ఆయన్ని ఈ గడప బయట పెట్టి తలుపేసింది నేను. మంచు కురుస్తోంది. తలుపు కొట్టడానికి చేతులు లేవు కదా, భుజంతో గుద్దాడు. నాలుగుసార్లు. నేను లెక్కపెట్టుకుంటూ లోపల కూర్చున్నా. పొద్దున ఆ అరుగు మీద కట్టెలా పడున్నాడు." ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. "తాగుబోతని కదా బయట పెట్టాను? ఇన్నేళ్ళకి వచ్చి కాదంటావేంటి? ఆయన తాగుబోతే. మీరు వెళ్ళండి."

వాళ్ళు వెనుదిరుగుతుంటే కాలిన బట్ట వాసన వచ్చింది. ఆమె చూసుకున్నట్టు లేదు. పెట్టె తియ్యమని చెప్పబోయిన మెకానిక్కు, ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

వ్యాన్‌లో రంగులమ్మ అడిగింది, "మిగతా ఇళ్ళు?"

"వద్దమ్మా. మంచి కబురనుకున్నాను నేను."

ఇంటికొచ్చాక మెకానిక్కు ఆ బండి కేసి చూసి, "పని వదిలేద్దాం. వాళ్ళ బండి వాళ్ళు పట్టుకుపోతారు" అన్నాడు. రంగులమ్మకూ అదే మనసులో ఉంది. తండ్రే ఒప్పుకోలేదు.

"మేం బాగా కొట్టేవాళ్ళం" అన్నాడు. "చుక్క కారేది కాదు. ఎలా ఉండేదో ఒకసారి జనం చూడనీ."

కెమిస్టు పంపిన పాళ్ళతో ఆమె మూడు రేకులు వేసింది. ఆయన మొదటిసారి షెడ్డులోకి వచ్చాడు. రేకులు ఎండలో పెట్టించాడు, నీడలో పెట్టించాడు, నీళ్ళు చల్లించి చూశాడు. మొదటిది పచ్చిగా ఉందన్నాడు. రెండోది ఫర్వాలేదు గానీ దూరం పోతే తెల్లబోతుందన్నాడు. మూడోదాని ముందు ఆగాడు.

"దీంట్లో నలుపు పడాలి. చుక్క. ఇంకో సగం చుక్క. అంతే, ఆపు." ఆమె కలిపి వేసి, ఆరాక పలక కిందిదాని పక్కన పెట్టింది. ఎక్కడ ఏది మొదలైందో ఆమె కంటికే ఆనలేదు. "అదే" అన్నాడాయన. అని గదిలోకి వెళ్ళిపోయి, ఆ పూట తిండి ముట్టలేదు.

రంగు కొట్టడం పూర్తయ్యాక ఆఫీసరు లారీతో వచ్చాడు. ఎండలో బండి చూసి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఎలా పట్టుకున్నావమ్మా?"

"నేను కాదు. మీ దగ్గర పదకొండేళ్ళు ఈ రంగు కొట్టినాయన పట్టుకున్నాడు." రిపోర్టు చేతికిచ్చింది. "మీ డాక్టరు మా నాన్న గురించి ఏం రాశాడో ఆ కాగితం నాకు కావాలి."

అతను నిలబడే చదివాడు. రెండో పక్క ఏమీ లేకపోయినా తిప్పి చూశాడు. "పాత ఆఫీసు పడగొట్టినప్పుడే ఆ కాగితాలన్నీ పోయాయమ్మా. ఆ డాక్టరుగారూ పోయారు."

"మా నాన్న పోలేదు."

ఆఫీసరు వెనక గది వైపు ఒకసారి చూశాడు. తర్వాత లారీ డ్రైవరు వైపు తిరిగి, "తాళ్ళు గట్టిగా కట్టావా?" అని అడిగాడు. వెళ్తూ వెళ్తూ, అర్జీ పెట్టుకుంటే పైకి పంపిస్తానన్నాడు. ఆమె మూడు అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

తన రక్తం కూడా పరీక్ష చేయించుకుంది. అందులోనూ కొంత సీసం ఉంది, భయపడేంత కాదన్నారు. తర్వాత పొడిగా రుద్దే పని తెచ్చినవాళ్ళని వెనక్కి పంపేసేది.

మళ్ళీ వానలు పడేనాటికి తండ్రి మూత్రపిండాలు పాడయ్యాయి. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు నర్సు తలెత్తకుండా అడుగుతూ రాసుకుంది. వయసు, బరువు, పాత జబ్బులు.

"తాగుడు అలవాటుందా?"

"లేదు."

నర్సు మంచం మీంచి వేలాడుతున్న ఆయన చేతులకేసి చూసి, కాగితం మీద ఒక చోట టిక్కు పెట్టింది. రంగులమ్మ బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి ఆ కాగితం చూసింది.

"కొట్టెయ్యండి" అంది.

"ఇది మా రికార్డు కోసమేనమ్మా..."

"మా నాన్న రంగులు కొట్టేవాడు. సీసం రంగులు. అది రాయండి."

వెనక వరస పెరుగుతోంది, ఎవరో విసుక్కుంటున్నారు. రాసేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. మంచం మీద తండ్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు. విన్నాడో లేదో ఆమెకు తెలియలేదు. మూడోరోజు ఆయన పోయాడు.