రెండో బెల్టు

శనివారం వచ్చిందంటే సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలోని భువన ఫ్లాట్ నిండా తోలు వాసనే. బ్యాంకు ఉద్యోగపు విసుగు వదిలించుకోవడానికి ఆమె బెల్టులు చేయడం మొదలుపెట్టింది. చూసి ముచ్చటపడిన పై అంతస్తు అలేఖ్యను చెల్లెలిలా పక్కన కూర్చోబెట్టుకుని కొయ్యడం, కుట్టడం, అంచులు నున్నగా రుద్దడం అన్నీ తనే నేర్పింది. ఏడాది తిరక్కుండానే అలేఖ్య చెయ్యి తిరిగింది. ఆమె కుట్టు చీమలబారులా సాగేది. భువన కుట్టు మాత్రం ఎక్కడో ఒకచోట పక్కకు పోయేది.

"అలేఖ్య ఆంటీది నైసర్ లా!" అంది ఓ రోజు కూతురు తన్మయి, ఇద్దరి కుట్లూ చూసి, అక్కడి యాసలో.

భువన నవ్వేసింది గానీ, ఆ మాట గొంతు దిగలేదు.

అదైనా మింగేదేమో. ఆ శనివారం అలేఖ్య తెచ్చిన గోధుమరంగు బెల్టు పట్టీ ఎవరికని అడిగితే, "బావగారికే అక్కా. ఆయనే అడిగారు" అంది.

భువన చేతిలో కత్తి ఆగిపోయింది. తను మొట్టమొదట చేసిన బెల్టు భర్త చక్రధర్‌కే. ఈమధ్య అతను దాన్ని పెట్టుకోవడం లేదు. ఇదన్నమాట సంగతి!

ఇంతలో ఫోన్ మోగితే అలేఖ్య మాట్లాడుతూ కారిడార్‌లోకి వెళ్లింది. ఆమె తడిపి ఉంచిన పట్టీ మెత్తగా బల్ల మీద పడుంది. తోలు పొడిచే ఆరె తీసుకుని, భువన ఆ పట్టీ మీద జానెడు పొడవున గీసేసింది. గీసిన వెంటనే గీతను వేలితో రుద్దింది. పోలేదు.

అలేఖ్య తిరిగొచ్చి గీతను చూసింది, ఆరెను చూసింది.

"ఎందుకక్కా?"

అబద్ధం పెదాల దాకా వచ్చి ఆగింది. "నేను చేసింది పక్కన పడేసి నిన్ను అడిగారే, తట్టుకోలేకపోయాను."

అలేఖ్య కుర్చీలో కూలబడింది. "పడెయ్యలేదక్కా. అది పట్టట్లేదట. పొట్ట పెరిగిందని నీతో చెప్పడానికి సిగ్గట."

ఇంకొకరైతే నవ్వేవారు. భువనకు నవ్వు రాలేదు. చేసిన పనికి సిగ్గు ఒకవైపు ఉన్నా, దాన్ని మించినదేదో లోపల రాజుకుంది. కట్టుకున్నదానితో చెప్పలేని మాట పై అంతస్తు ఆవిడతో ఎలా చెప్పుకున్నాడు?

"ఇంకో పట్టీ నా తోల్లోంచి కోసుకో," అంది పొడిగా.

"తోలుదేముంది!" అలేఖ్య సామాన్లు సర్దుకుంది. "నా కుట్టు బాగుందంటే, నేర్పినందుకు నీకూ సంతోషమే అనుకున్నా. పిచ్చిదాన్ని."

తలుపు మెల్లగానే వేసి వెళ్లిపోయింది.

సాయంత్రం చక్రధర్ సోఫాలో క్రికెట్ చూస్తుంటే భువన టేపుతో ఎదురుగా నిలబడింది.

"లేవండి ఓసారి."

"లాస్ట్ ఓవర్..."

"లేవండి."

నడుము చుట్టూ టేపు తిప్పుతుంటే అతను ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"వదలండి. నా దగ్గరా దాపరికం?"

చక్రధర్ బిక్కమొహం వేసుకుని గాలి వదిలాడు. "అలేఖ్య చెప్పేసిందా?"

భువన టేపు బల్ల మీద పెట్టింది. కొత్త తోలు పరిచి కొలత గుర్తు పెట్టబోయింది. పైన అలేఖ్య ఇంట్లో కుర్చీ జరిపిన చప్పుడైంది. ఇప్పుడు ఒక్కతే కూర్చుని ఏం కుడుతోందో, ఎంత బాగా కుడుతోందో! భువన పెన్సిల్ ఆపి, పైకప్పు వంకే చూస్తూ ఉండిపోయింది.