మూగ టేపుకు గొంతొచ్చిన వైనం

నేను ఒక మూడు గంటల వీడియో క్యాసెట్టును. పుట్టుకతో మూగదాన్ని కాను. నన్ను మూగదాన్ని చేసినవాడు కెమెరా సన్యాసిరావు. అతని మీద చాలా ఏళ్ళు కోపంగా ఉన్నాను, అది ఎలా పోయిందో చెబుతాను.

ఏ ఊరి ఫ్యాక్టరీలో నా కడుపులో నల్ల రిబ్బను చుట్టారో గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి బొబ్బిలిలో సన్యాసిరావు వీడియో కొట్టు బీరువాలో ఉన్నాను. తోటి క్యాసెట్లన్నీ పెళ్ళిళ్ళకు పోయాయి, నాకు మాత్రం పద్యనాటకం దక్కింది. అందులో రాణి వేషం కనకరత్నం గారిది. ఆవిడ గొంతు వినడానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం సైకిళ్ళ మీద వచ్చేవారు.

ఆ రోజు సన్యాసిరావు హంగు చూడాలి. కెమెరాకున్న మైకు చాలదని కొత్త మైకొకటి తెచ్చి తగిలించాడు, దాని స్విచ్చి వెయ్యడం మరిచాడు. అది తగిలిస్తే కెమెరా మైకు పనిచెయ్యదు. రాణి నోరు తెరుస్తుంది, చెయ్యి చాస్తుంది, నాకు మాత్రం ఒక్క ముక్క వినబడదు.

మర్నాడు ఆవిడకు నన్ను వేసి చూపించినప్పుడు అతను తలెత్తలేదు. ఆవిడే నవ్వింది. "పోన్లే బాబూ, గొంతు నా దగ్గరే ఉంది కదా, ఎక్కడికి పోతాది?" అంది.

పోయింది. తొమ్మిదేళ్ళకు గొంతు ఆపరేషనై ఆవిడకు గుసగుస ఒక్కటే మిగిలింది. సన్యాసిరావు నన్ను పారెయ్యనూ లేక, చూడనూ లేక ఇనప బీరువాలో చీరల కింద దాచాడు. మనుషులు బంగారాన్ని దాచే చోటూ తప్పుల్ని దాచే చోటూ ఒకటేనని నాకు అక్కడే తెలిసింది.

ఈ మధ్య ఆ నాటకం ఆడిన సమాజానికి యాభై ఏళ్ళు నిండాయి. పాత ఫోటోలుంటే పంపమని అడిగితే, కాలం చేసిన హార్మోనిస్టు తాతారావు గారి ఇంటినుంచి ఫోటోలతో పాటు రెండేసి గంటలు నడిచే రెండు ఆడియో క్యాసెట్లు వచ్చాయి. తన వాయింపులో తప్పులు వెతుక్కోవడానికి ఆయన ప్రతి నాటకాన్నీ టేప్‌రికార్డరులో పట్టుకునేవారట. వాటి మీద ఉన్నది నా తారీఖే.

సన్యాసిరావు కూతురు గౌరీశ్వరి పెళ్ళి వీడియోలు ఎడిటింగు చేస్తుంది. నన్ను కంప్యూటర్లోకి ఎక్కించి, నా బొమ్మ కింద ఆ గొంతును వేరే వరసగా పరిచింది. కనకరత్నం గారు పక్కనే కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ కోరిక ఒక్కటే. పాడుతున్న తన ముఖాన్ని తన గొంతుతో సహా ఒక్కసారి చూసుకోవాలి.

మొదటి పద్యం ఎత్తుకోగానే పెదవీ మాటా ఒక్కటైపోయాయి. నా సంతోషం అంతా ఇంతా కాదు. పద్యం అయ్యాక పడింది పీటముడి. బొమ్మలో రాజు మాట్లాడుతుంటే వినబడేది రాణి గొంతు. చివరికొచ్చేసరికి గొంతు నాకన్నా ఇరవై నిమిషాలు పొడుగు తేలింది. పాత టేపు సాగిపోయిందనుకుని గౌరీశ్వరి వేగం పెంచింది. రాణి గొంతు కాస్తా పిచికల కిచకిచ అయింది. ఇలా కాదని, గొంతు ఎక్కువైన చోట కోసెయ్యబోయింది.

ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఆగమ్మీ," అంది గుసగుసగా. "సాగలేదు. ఆ పద్యం రెండుసార్లు పాడేను. జనం వన్స్ మోర్ కొట్టేరు."

"వీడియోలో ఒక్కసారే ఉంది కదా మామ్మగారూ?"

గుమ్మంలో నిలబడ్డ సన్యాసిరావు నేల చూపులు చూశాడు. "టేపు సాలదేమోనని నానే పాజ్ నొక్కినానమ్మా. పాడిందే కదా మళ్ళీ పాడతన్నారు అనుకున్నాను. అయిదుసార్లు నొక్కినాను."

స్విచ్చి సంగతి ఊరందరికీ తెలుసు. ఈ రెండో సంగతి ముప్ఫై ఏళ్ళుగా అతనికీ నాకూ మాత్రమే తెలుసు. చెబుదామంటే నాకు నోరేది?

ఆ అయిదూ తీసేస్తే సరిగ్గా అతుకుతుందంది గౌరీశ్వరి. ఎడిటింగు చేసేవాళ్ళ లెక్కకు అది సబబే.

"అవి తీసేస్తే నాకేటి మిగిల్తాది?" అంది ఆవిడ. పద్యాలు నేర్చుకుంటే ఎవరికైనా వస్తాయి. మళ్ళీ పాడమని జనం లేచి అడగడమే ఆవిడ సంపాదన. గౌరీశ్వరి కోత మానేసింది. నేను ఆగిపోయిన ప్రతిచోటా ఆఖరి బొమ్మను అలాగే నిలబెట్టి, గొంతును తన దారిన పోనిచ్చింది.

ఆదివారం పొద్దున్న సమాజం వారి యాభై ఏళ్ళ పండక్కి టౌను హాలు కిటకిటలాడింది. నన్నూ వేదిక మీద బల్లకెక్కించి దండ వేశారు. దండ నాకన్నా పెద్దది. తెర మీద రాణి మొదటి పద్యం ముగించి, చాచిన చెయ్యి చాచినట్టే నిలిచిపోయింది. టేపులోని పాత జనం నోరు తెరిచేలోపే వెనక వరసలోంచి ఎవరో "వన్స్ మోర్" అని గట్టిగా కేకేశారు. హాలంతా అందుకుంది. అప్పటి జనమూ ఇప్పటి జనమూ కలిసి అడిగితే, కదలని రాణి మళ్ళీ పాడింది. ముందు వరసలో కనకరత్నం గారు లేచి, ఆనాటిలాగే చేతులు జోడించారు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయారు.

ఇప్పుడు సమాజం వారి అద్దాల పెట్టెలో, తాతారావు గారి క్యాసెట్ల పక్కన ఉంటున్నాను. నన్ను తిప్పే మిషను ఊళ్ళో ఎక్కడా లేదు, దానికి నాకేమీ బెంగ లేదు. చూడవచ్చినవాళ్ళకు సన్యాసిరావే నా కథ చెబుతాడు. స్విచ్చి సంగతీ, పాజ్ సంగతీ ఏదీ దాచుకోడు. ఒక్కటి మాత్రం మింగేస్తాడు గనక నేను చెప్పాల్సి వచ్చింది. ఆ పొద్దున్న హాల్లో అయిదు పద్యాలకు అయిదు వన్స్ మోర్లు పడ్డాయి. అయిదింటికీ మొదటి కేక అతనిదే.