లోపల దిమ్మ పట్టే మనిషి

రివెట్టు కొట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. బయట ఒకడు సుత్తి వెయ్యాలి, లోపల ఒకడు ఇనప దిమ్మ అదిమి పట్టాలి. మధ్యలో రేకు అడ్డం కాబట్టి ఒకడి మొహం ఇంకొకడికి కనపడదు. దిమ్మ పట్టేవాడు లేకపోతే రివెట్టు తోక విచ్చుకోదు, ఎన్ని దెబ్బలు వేసినా లోపలికి జారిపోతుంది. బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఇరవై రెండేళ్లు బయట నేను, లోపల మా బావ. ఆ మోతలో మాట వినపడదు గనక దిమ్మతో రేకు మీద తట్టి చెప్పేవాడు. ఒకసారి తడితే ఇంకో దెబ్బ వెయ్యమని. రెండుసార్లు తడితే బాగుంది, పక్కదానికి పొమ్మని. మూడుసార్లు తడితే చెడింది, తీసెయ్యమని. ఆ మూడోది మాత్రం బావ వెంటనే తట్టేవాడు కాదు. రెండు తట్టి, కాస్త ఆగి, మొహమాటపడుతూ తట్టేవాడు. ఎదుటివాడి తప్పు చెప్పాలంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చేది.

నాకు అలాంటి బాధలు లేవు. సొట్ట ఉంటే లప్పం, సందు ఉంటే లప్పం, పైన రంగు. షెడ్డులో అందరూ నా పేరు మర్చిపోయి ‘లప్పం’ అనే పిలిచేవాళ్లు.

పోయిన నెల మా మేనకోడలు వాళ్ల నాన్న పడవని లారీ మీద వేయించుకొచ్చి మా అక్క పెరట్లో దింపింది. పద్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ. బావ పోయిన దగ్గర్నించి మూడేళ్లు రేవు ఆఫీసు వెనక పిచ్చిమొక్కల్లో బోర్లా పడి ఉంది. పిల్ల నర్సు. సరస్సు అవతల ఊళ్లలో టీకాలు వెయ్యడానికి పంపిస్తున్నారు. రోడ్డున చుట్టు తిరిగితే మూడు గంటలు, నీళ్ల మీద అరగంట. మూడు వారాల తర్వాత వచ్చే సోమవారం నించి రోజూ దాంట్లోనే వెళ్లి దాంట్లోనే రావాలని దాని పట్టు.

“నువ్వు బాగుచేస్తావా మావయ్యా, ఎవరికైనా ఇవ్వనా?” అని అడిగింది.

“నేను చచ్చానా, ఇంకొకళ్లకి ఇవ్వడానికి?” అన్నాను.

ప్రేమ పొంగి అన్న మాట కాదది. పడవ వెనక పలక దగ్గర, ఇంజను తగిలించే చోట, లప్పం కింద ఆరు ఇనప రివెట్లు ఉన్నాయి. అవి నేను కొట్టినవి. ఇంకొకడి కంట పడితే నా బతుకు బజారున పడుతుంది.

బావ ఆ పడవ కొన్నప్పుడు మేమిద్దరమే బాగుచేశాం. చివర్లో అల్యూమినియం రివెట్లు అయిపోయాయి. మర్నాడు దాకా ఆగొచ్చు, ఆగలేదు. బస్సులకి వాడే ఇనపవి జేబులో ఉంటే కొట్టేశాను. లోపల నించి బావ రెండు తట్టి, ఆగి, మూడోది తట్టాడు. “ఏం కాదు బావా, నాకు తెలుసు” అన్నాను. “నువ్వు బాగుందంటే బాగున్నట్టేరా” అన్నాడు. లోపలా బయటా లప్పం రాశాను. అది సముద్రం నీళ్లు ఎక్కే సరస్సు. ఉప్పునీళ్లలో ఇనుము తన పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తుందని మూణ్ణెల్ల తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. బావకి చెప్పాలనుకున్నాను. ఇవాళా రేపా అంటూ రెండేళ్లు నెట్టాను. ఒకరోజు పొద్దున పడవ బోర్లాపడి తేలుతూ కనిపించింది. వెనక పలక కింద అతుకు వేలు దూరేంత విడిపోయి, ఇంజను గొలుసుకి వేలాడుతోంది. బావ ఆ సాయంత్రానికి దొరికాడు.

పలక రాయికి కొట్టుకుని విడిందన్నారు. బావకి అంతకుముందు తాగుడు ఉండేది, మానేసి ఏడాదైంది. మళ్లీ మొదలెట్టి ఉంటాడన్నారు. మా అక్క అదే నమ్మింది. “తాగి చచ్చాడు, మమ్మల్ని నట్టేట ముంచాడు” అని ఇప్పటికీ రోజుకోసారి అంటుంది. ఇంట్లో ఆయన ఫొటో కూడా పెట్టనివ్వలేదు. కూతురు కూడా నాన్న మాట ఎత్తదు. అక్క అన్నప్పుడల్లా నేను తల వంచుకుని ఊరుకునేవాణ్ణి. అది దుఃఖమనుకునేవాళ్లు.

ముందు ఇంజను పని పట్టాం. బిగుసుకుపోయిన సిలిండర్లలో డీజిలు పోసి పది రోజులు నానబెట్టాను. పిల్ల కార్బొరేటర్ విప్పి ఒక్కో రంధ్రం సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేసింది. నీళ్లు తోడే రబ్బరు ఫ్యాను పొడి పొడిగా రాలింది, కొత్తది వేశాం. నీళ్ల డ్రమ్ముకి ఇంజను తగిలించి తాడు లాగితే నేను పదిహేనుసార్లు లాగినా దగ్గు కూడా దగ్గలేదు. పిల్ల లాగితే మూడోసారికే అందుకుంది. పెరడంతా పొగ. పిల్ల మొహం వెలిగిపోయింది. మా అక్క వంటింటి కిటికీ ధడాలున మూసేసింది. పడవ వచ్చినప్పటి నించి ఆ మనిషి పెరట్లో అడుగు పెట్టలేదు.

తర్వాత పడవ. నడుమెత్తు స్టాండ్ల మీద బోర్లా పడుకోబెట్టాం. పైన నేను, కింద స్టూలు మీద దిమ్మ పట్టుకుని పిల్ల. తట్టడాల గొడవ దానికెందుకని, “సరిపోతే చాలు అని అరువు” అన్నాను.

మొదటి రివెట్టుకి నాలుగు దెబ్బలు వేశాను. లోపల నించి టక్, టక్ మంది. నా చెయ్యి దానంతటదే పక్కదానికి వెళ్లింది. మళ్లీ టక్, టక్. నాలుగో రివెట్టు దగ్గర గాని నాకు గుర్తు రాలేదు, ఈ పిల్లకి అది నేనెప్పుడూ నేర్పలేదని.

“ఏమే, నీకెవరు నేర్పారు ఇది?”

“ఏది?”

“దిమ్మతో తట్టడం.”

“నేనెక్కడ తట్టాను? చాలు చాలు అని గొంతు చించుకుంటున్నా. నీకు చెవుడొచ్చింది మావయ్యా.”

రేకు కదా, ఎక్కడో గొళ్లెం ఊగి ఉంటుందిలే అనుకున్నాను. మనసుకి కూడా లప్పం రాయడం నాకు బాగా వచ్చు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పిల్లకి ఫోనొచ్చింది. మాట్లాడుతూ వీధి గుమ్మం దాకా వెళ్లింది. నేను చూసుకోలేదు, పని ధ్యాసలో కొట్టేశాను. రివెట్టు వెనక మనిషి ఉన్నదీ లేనిదీ సుత్తి పట్టినవాడి మణికట్టుకి తెలిసిపోతుంది. ఉన్నాడు. గట్టిగా, సుత్తిలో సగం బరువు తనే మోస్తున్నట్టు పట్టాడు. టక్, టక్. అప్పుడు వీధి గుమ్మంలో పిల్ల నవ్వు వినపడింది.

వంగి చూశాను. కింద ఎవరూ లేరు. స్టూలు మీద దిమ్మ ఉంది. రివెట్టు తోక చొక్కా గుండీలా గుండ్రంగా, చక్కగా విచ్చుకుంది. పిల్ల చేతిలో ఒక్కటి కూడా అంత బాగా రాలేదు. దిమ్మ ఎత్తితే, అప్పటిదాకా ఎవరో గుప్పిట్లో పట్టుకుని పెట్టినట్టు వెచ్చగా ఉంది. భయం కంటే ముందు నాకు ఏడుపొచ్చింది.

పారిపోవాల్సింది. పారిపోలేదు. “నువ్వు తెడ్లకి రంగు చూసుకో, ఇది నేనొక్కణ్ణే లాగించేస్తా” అని పిల్లని తప్పించాను. రెండు రోజుల్లో నలభై రివెట్లు కొట్టాను. ఒక్కటీ తప్పలేదు. ఒకసారి తడితే ఇంకో దెబ్బ, రెండు తడితే పక్కది. మూడేళ్ల తర్వాత మళ్లీ పని పనిలా అనిపించింది. మధ్యలో ఆగి బీడీ వెలిగిస్తే కింద కూడా నిశ్శబ్దంగా ఉండేది, నాకోసం ఆగినట్టు. వంగి మాత్రం మళ్లీ చూడలేదు.

“ఒక్కడివీ ఎలా కొడుతున్నావ్ మావయ్యా?” అంది పిల్ల ఆ సాయంత్రం.

“అనుభవమే.”

అది నన్ను కాక పడవ కిందకి చూసింది.

ఆదివారం పొద్దున్న వెనక పలక మిగిలింది. నా ఆలోచన నాకుంది. విడిపోయిన అతుకుని మూసేలా, ఆ ఆరు ఇనప రివెట్ల మీదుగానే కొత్త రేకు ముక్క పరిచి చుట్టూ కొట్టేస్తే ఎవరికీ కనపడదు. ఒక ఏడాది ఆగుతుంది. రెండేళ్లు కూడా ఆగొచ్చు. బావకి రెండేళ్లు ఆగింది మరి.

“ఇంజను బరువంతా ఇక్కడేగా. ఇది నేను పడతా” అని పిల్ల కిందకి దూరింది.

రేకు ముక్కకి మొదటి రివెట్టు కొట్టాను. టక్, టక్. సుత్తి పక్కకి జరిపాను. అప్పుడు, కాస్త ఆగి, టక్.

రెండోది కొట్టాను. టక్, టక్. ఆగింది. టక్.

“మావయ్యా.” పిల్ల గొంతు సన్నగా వచ్చింది. “దిమ్మ నా ఒళ్లో ఉంది. ఇందాకట్నించి నేను పట్టుకోలేదు. నువ్వు కొడుతుంటే చూద్దామని వదిలేశా.”

నేను సుత్తి పక్కన పెట్టాను.

“చెయ్యి పెట్టి చూశా. రేకు లోపలి నించి అదురుతోంది. ఇక్కడ ఎవరూ లేరు.” ఆ వెంటే అడిగింది, “మూడుసార్లంటే ఏంటి?”

లప్పం రాయడానికి అదే ఆఖరి అవకాశం. ఏమీ లేదమ్మా, రేకు వేడెక్కి చప్పుడు చేస్తోంది, అనొచ్చు. అది నమ్మేది. సోమవారం పడవెక్కేది. సరస్సు నడిమధ్యలో ఇంజను హోరులో ఆ పలక మళ్లీ విడవడం నా కళ్ల ముందు కనపడింది. ఈసారి దాంట్లో ఉన్నది పిల్ల.

“తీసెయ్యమని” అన్నాను.

“ఏం తియ్యాలి?”

రేకు మీద తల ఆనించి, దాని మొహం నాకు కనపడకుండానే, అంతా చెప్పాను. చిన్నపిల్లాడిలా వెక్కుతూ చెప్పాను.

పిల్ల బయటికొచ్చింది. ఉలి తీసుకుని, కొత్త రేకు ముక్క లేపేసి, తనే లప్పం గీకింది. పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఆరు తుప్పు మచ్చలు, వాటి చుట్టూ అల్యూమినియం తెల్లటి పిండైపోయి ఉంది. గోటితో గిల్లితే రాలింది. రెండుచోట్ల రివెట్టే లేదు, కన్నాలు మిగిలాయి.

“నాన్న తాగలేదా ఆ రోజు?”

“మానేశాడే. నా చేతిలో చెయ్యేసి చెప్పాడు.”

కుళాయి దగ్గరికెళ్లి మోచేతుల దాకా చాలాసేపు కడుక్కుంది. “అమ్మకి నువ్వే చెప్పు. నేను చెప్పను” అంది.

అక్క వంటింట్లో ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. గుమ్మంలో నిలబడే చెప్పాను. చేతిలో ఉన్న దుప్పటి మడత సగంలో ఆగిపోయింది.

“మూడేళ్లుగా ఆయన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే, నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు కదరా” అంది.

“తిన్నానక్కా.”

“ముద్ద దిగేదా?”

దిగేది. రోజూ దిగింది.

దుప్పటి పక్కన పెట్టి, నన్ను తోసుకుని పెరట్లోకి వెళ్లింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పడవ కిందకి దూరింది. కూతురి చేతిలో దిమ్మ లాక్కుంది.

“తియ్యి” అంది లోపల నించి.

మిగిలిన నాలుగు రివెట్లూ డ్రిల్లు పెట్టి తీశాను. పిండైన రేకు మంచి రేకు వచ్చేదాకా కోసేశాను. బయటా లోపలా కొత్త ముక్కలు వేసి అల్యూమినియం రివెట్లు కొడుతుంటే అక్క దిమ్మ పట్టింది. జీవితంలో ఎన్నడూ పట్టని మనిషి, రాయిలా పట్టింది. “సరిపోయిందా అక్కా?” అని ఒక్కోదానికీ అడిగాను. అక్క తట్టలేదు. ఇంకెవరూ తట్టలేదు. పొద్దువాలేదాకా నా సుత్తి చప్పుడొక్కటే వినపడింది.

సోమవారం రేవులో పడవ నీళ్లలోకి దింపాం. చుక్క కారలేదు. పిల్ల ఇంజను దగ్గర కూర్చుంది. టీకాల పెట్టె దాని కాళ్ల దగ్గర ఉంది. అక్క నా వైపు చూడకుండా ఎక్కి, నడిమి బల్ల మీద కూర్చుంది. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు.

తాడు నేనే విప్పాను. అప్పుడు చూశాను. అక్క బల్ల మధ్యలో కూర్చోలేదు. ఎడమ చివరికంటా జరిగి, కుడి పక్కంతా వదిలేసి కూర్చుంది. ఒక మనిషి బరువంతా అలా ఓ అంచున పడితే అంత చిన్న పడవ ఆ పక్కకి ఒరిగి తీరాలి. ఒరగలేదు. రెండు అంచులూ నీటికి సమానంగా ఉన్నాయి. అలాగే అవతలి ఒడ్డుకి సాగిపోయింది.