దానం జాడీ నీళ్ళు

దారులు మూసుకుపోయి నాలుగు నెలలైంది. పై దేశం నుంచి రావలసిన ల్యాబు రంగు రాలేదు. అల్ ఉబయ్యిద్ ఊళ్ళో ఆ చిన్న ఆసుపత్రి ల్యాబులో ముసలి టెక్నీషియన్ బుషారా ఎర్ర గోంగూర కాయల తొక్కలు ఉడికించి, పటిక వేసి, రంగు తీస్తున్నాడు. ఊరంతా కర్కదే అని టీలా తాగేది దాన్నే. ఆ రంగు కణం లోపలి గింజకి, అంటే కేంద్రకానికి, పడుతుంది. మంచి కండలో గింజలు చిన్నగా, వరసన ఉంటాయి. కేన్సరైతే ఉబ్బి గుంపులు కడతాయి.

ఆ పొద్దు గాజుపలక మీదున్నది బతూల్ చేతి గడ్డలోంచి తీసిన ముక్క. గేటు దగ్గర టీ అమ్ముకునే మనిషి. కేన్సరైతే చెయ్యి తీసెయ్యాలి. కుడిచెయ్యి.

డాక్టర్ నజ్వా మైక్రోస్కోపులోంచి తలెత్తింది. "అంతా నల్లగా ముద్దకట్టింది మామా. గుంపులే కదా, ఇంకేం చూస్తాం? మధ్యాహ్నం నమాజు కాగానే తీసెయ్యమని సర్జనుకి చెప్తా."

ప్రతి పలక మీదా ఓ మూల, పోల్చుకోడానికి, మంచి కండ ముక్క అతికించడం బుషారా అలవాటు. వంగి దాన్ని చూశాడు. అదీ నల్లగానే ఉంది.

"గంట ఆగమ్మా."

"నీ గోంగూరంటేనే సర్జనుకి గిట్టదు. గంట ఆగమంటే నా మీద పడతాడు."

"గంట."

రంగు నిన్నటిదే. నిన్న బాగానే పట్టింది. మిగిలింది పలక కడిగిన నీళ్ళు. కుళాయి రావడంలేదని వరండాలోని దానం జాడీలోంచి ముంచుకుంటున్నాడు. దారినపోయేవాళ్ళ దాహానికి పెట్టిన జాడీ అది. పుణ్యం కావాలనుకున్నవాళ్ళు నింపుతారు. దోసిట్లో పోసుకుని నాలిక్కి తగిలించాడు. ఉప్పన!

మంచినీళ్ళ కోసం వార్డుకి పరుగెత్తాడు. బతూల్ మంచం కిందే కెటిలూ, నీళ్ళ డబ్బా పెట్టుకుంది.

"జాడీ ఎవరు నింపారో తెలుసా?"

"నేనే మామా. చెయ్యి దక్కాలని మొక్కుకున్నా. చెరువు నీళ్ళ బండి రాలేదని పొద్దున్నే ఈ చేత్తోనే ఉప్పుబావిలోంచి నాలుగు బకెట్లు తోడిపోశా."

"ఆ నీళ్ళు నీ టీకి పోస్తావా?"

"ఛీ! కర్కదే నల్లబడి చస్తుంది. టీకి వానచెరువు నీళ్ళే. ఇదిగో, డబ్బాలో."

అంతలోనే బతూల్ మొహం పాలిపోయింది. "ఏం మామా, ఏమన్నా చెడగొట్టానా?"

ఆయన డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

బతూల్ గడ్డ ముక్కని పొదిగిన మైనం దిమ్మలోంచి మళ్ళీ పల్చటి ముక్క కోశాడు. రంగు పోశాడు. చెరువు నీళ్ళతో కడిగాడు. బయట సర్జను గొంతు వినబడుతోంది. "ఇంకా ఎంతసేపు?"

నజ్వా చాలాసేపు చూసింది. మూల ముక్క లేతగా తేలింది, గింజలు వరసన. పలకని పక్కకి జరిపింది. బతూల్ ముక్కలోనూ వరసే. ఎక్కడా గుంపు లేదు. పలకని ఈ చివర్నుంచి ఆ చివరికి మళ్ళీ ఒకసారి చూసింది.

"గడ్డ ఒక్కటి తీస్తే చాలు," అంది.

బుషారా డబ్బా తీసుకెళ్ళి మంచం కింద పెట్టాడు. బతూల్ ఆయన మొహం వంకే చూస్తోంది.

"కుట్లు మానాక నాకు టీ పొయ్యి. చక్కెర తక్కువ."

"ఏ చేత్తో మామా?"

"ఈ చేత్తోనే."

బతూల్ ఆ చెయ్యి గుండెకి హత్తుకుని ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "జాడీ మళ్ళీ నింపుతా," అంది.

"నింపు. బండి వచ్చాక."