కింది దవడ

“మా అమ్మ నలభై ఏళ్లు కట్టుడు పళ్లతోనే బతికింది. నీకేమొచ్చింది?” అన్నాడు బెరెండ్, నేను రొట్టె అంచులు కోసి పక్కన పెడుతుంటే. ఆ అంచులు తనే తింటాడు. వృథా అంటే మా ఆయనకి గిట్టదు.

ఆవిడ ఏం బతుకు బతికిందో నాకు తెలుసు. కోడలిగా వచ్చిన మొదటి పదకొండేళ్లూ అత్తగారి పక్కనే కూర్చుని తిన్నాను. పై వరస అంగిటికి అతుక్కుని ఉండేది గానీ కింది వరస నిలిచేది కాదు. మాట్లాడితే లేచేది, నవ్వితే జారేది. పుట్టినరోజుల్లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని అందరూ కబుర్లాడుతుంటే, ఆవిడ కేకు ముక్క ఒళ్లో పెట్టుకుని, జనం అటు తిరిగేదాకా కాచుకునేది. మనిషికి గర్వం అనుకునేవాళ్లు, నేను కూడా. అది భయమని నాకు అర్థమయ్యేసరికి ఆవిడ పోయింది.

“బిడ్డకో పన్ను” అని మావైపు సామెత. నాకు నలుగురు. ఆ లెక్కన నాలుగే పోవాలి. మిగతావి ఆవులకి పోయాయి. మా ఎనభై ఆవులకీ గిట్టలు చెక్కడానికి ఏడాదికి రెండుసార్లు మనిషి వస్తాడు. ఆ తేదీని వంటింటి క్యాలెండరులో బెరెండ్ స్వయంగా రాస్తాడు. దాని పక్కనే నా పళ్ల డాక్టరు తేదీ నేను రాసుకునేదాన్ని. సరిగ్గా ఆ రోజే ఏదో ఒక ఆవు ఈనేది. ఈసారికి రాలేనండీ అని ఫోను చేసి చెప్పేసేదాన్ని. అలా చెప్పమని నన్నెవరూ అనలేదు. అదే నాకు ఒళ్లు మండే సంగతి. ఎవరూ అడగకుండానే నన్ను నేను వాయిదా వేసుకుంటూ వచ్చాను.

ఇప్పుడు కింద మిగిలినవి ఆరు. ఆరూ కదులుతున్నాయి. డాక్టరు మారిట్‌ది మా చిన్నమ్మాయి ఈడు. పోయిన నెల ఎక్స్‌రే ముందు కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. “ఆరూ తీసేసిన రోజే ఎముకలో నాలుగు ఇంప్లాంట్లు దింపేస్తాను. సాయంత్రానికి వాటిమీద పళ్ల వరస బిగించి పంపిస్తాను. అవి ఎముకలో కుదురుకునేదాకా కొన్నాళ్లు మెత్తటివే తినాలి. ఇప్పుడైతే ఎముక బాగుంది. ఖాళీగా వదిలేస్తే కరిగిపోతూ ఉంటుంది.”

“అరవైమూడేళ్లకి కొత్త పళ్లా? పెళ్లికూతురివా?” అన్నాడు బెరెండ్, ఇంటికొచ్చే దారిలో. అదే వారం ఆవులు వీపు గోక్కోవడానికి కొట్టంలో కరెంటు బ్రష్షు బిగించాడు. అవి హాయిగా ఉంటే పాలు ఎక్కువిస్తాయట.

ఈ ఉదయం ఆస్పత్రిలో ఫారం ఇచ్చారు. ‘ఉద్యోగం’ అన్నచోట ‘లేదు’ అని రాశాను. ఐదింటికి లేచి పాలు పితికి వచ్చిన చేత్తోనే రాశాను.

నేను కుర్చీలో వెనక్కి వాలాక బెరెండ్ టోపీ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. “తీసేయండి చాలు. మిగతాది తర్వాత చూద్దాం,” అన్నాడు డాక్టరుతో. “ఈ వయసులో ఎవరు చూడొచ్చారు?”

డాక్టరు అతనివైపు తిరగలేదు. “ఫెన్నా గారూ, మీరు చెప్పండి. మత్తు ఇవ్వకముందే చెప్పాలి.”

నేను అలవాటుకొద్దీ బెరెండ్ మొహంలోకి చూశాను. చూసినందుకు సిగ్గేసింది. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది.

అమ్మకి అప్పటికి పందొమ్మిదేళ్లు. పెళ్లి మూడు వారాలుందనగా తాతయ్య ఆమెని పట్నం తీసుకెళ్లి, ఒక్క పుచ్చు కూడా లేని పళ్లన్నీ పీకించేసి, కట్టుడు పళ్లు పెట్టించాడు. అది పెళ్లికానుక. కట్టుకున్నవాడికి ముందుముందు పళ్ల డాక్టరు బాధ ఉండకూడదని, ఆ రోజుల్లో మావైపు చాలా ఇళ్లల్లో అదే మర్యాద. ఖర్చు లేని పిల్ల దొరికిందని నాన్న తరఫు వాళ్లు మెచ్చుకున్నారట. పెళ్లి ఫొటోలో అమ్మ పెదవులు బిగించుకుని ఉంటుంది. నొప్పి పుట్టిందా అమ్మా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. “ఇన్నేళ్లలో ఆ మాట అడిగింది నువ్వొక్కదానివే,” అంది, ఆపిల్ తురుముకుంటూ. అమ్మ ఆపిల్ కొరకడం నేనెప్పుడూ చూడలేదు.

“ఈరోజే పెట్టేయండి డాక్టరు గారూ,” అన్నాను. “బెరెండ్, నువ్వు ఇంటికెళ్లు. సాయంత్రం పాలు నువ్వే పితుకు.”

“ఎంత ఖర్చో తెలిసే అంటున్నావా?”

“తెలుసు,” అన్నాను. “ఖర్చు లేని పిల్ల మా అమ్మ. నేను కాదు.”