సగం పూడిన మగ్గం గుంత

ధర్మవరంలో చేతి మగ్గం నేసేవాడికి ఇల్లంటే ముందు నేలలో ఒక గుంత, ఆ తర్వాతే నాలుగు గోడలు. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటేనే మగ్గం ఆడుతుంది. తిప్పమ్మ, ఆమె భర్త హనుమంతరాయుడు శ్రీరంగప్ప ఇంట్లో బాడుగకు దిగిన రోజున పొయ్యి కంటే ముందు పెట్టుకున్నది ఆ గుంతే. అప్పటి నుంచి ఒక్క నెల బాడుగ ఎగ్గొట్టింది లేదు.

ఇప్పుడు శ్రీరంగప్పకు ఆ ఇల్లు పడగొట్టి మేడ కట్టాలని బుద్ధి పుట్టింది. తప్పేముంది, ఆయన ఇల్లు ఆయనిష్టం. కానీ ఎదురింట్లోనే ఉన్నాడు కదా, నాలుగడుగులు వేసి నోటితో చెప్పొచ్చు! లాయరు చేత నోటీసు రాయించి రిజిస్టరు పోస్టులో పంపాడు మహానుభావుడు.

అది చూడగానే రాయుడి గుండె జారిపోయింది. లాయరు పేరు, ముద్ర, ఫలానా తేదీలోగా ఖాళీ చేయాలన్న మాట. కోర్టు నుంచే వచ్చిందనుకున్నాడు, ఇక పోలీసులు రావడమే తరువాయి అనుకున్నాడు. పైగా వాళ్ల ఇంట్లో తాతల నాటి పట్టింపు ఒకటుంది. ఇంటాయన పొమ్మని రెండోసారి అనకముందే నేసేవాడు తన గుంత తానే పూడ్చి, పైన అలికి, టెంకాయ కొట్టి బయటపడాలి. గుంత పూడిందంటే ఆ ఇంటితో రుణం తీరినట్టే. శ్రీరంగప్ప కూడా ఒకప్పుడు మగ్గం నేసినవాడే, ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు.

ఆలుమగలిద్దరూ వేరే ఇంటి కోసం ఊరంతా తిరిగారు. ఎవరిని అడిగినా మా ఇంట్లో బండలు పరిచినాం, గుంత తవ్వనియ్యమనే మాటే. గుంత లేకపోతే రాయుడు బెంగళూరు పోయి ఏ గేటు ముందో వాచ్‌మన్‌గా నిలబడాలి. పడుగూ పేకా తప్ప మరో లోకం ఎరగని మనిషి.

అడగందే అమ్మైనా పెట్టదు, ఎవరినైనా అడుగుదామంది తిప్పమ్మ. కోర్టు జోలి మనకెందుకే అని రాయుడు మూలకు తిరిగి పడుకున్నాడు. తెల్లవారాక ఆమె నోటీసును కొంగున ముడేసుకుని ఒక్కతే కోర్టు ఆవరణకు పోయింది. అక్కడ పేదలకు ఉచితంగా సలహా చెప్పే గదిలో సువార్త అనే లాయరమ్మ ఉంది.

సువార్త నోటీసును రెండుసార్లు చదివి నింపాదిగా చెప్పింది. "అక్కా, ఇది లాయరు రాసిన కాగితం. కోర్టు రాసింది కాదు. ఖాళీ చేయమని అడిగే హక్కు ఆయనకుండాది. మెడ పట్టి గెంటే హక్కు లేదు. మీరు పోవల్లో వద్దో తేల్చాల్సింది కోర్టు."

తిప్పమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. బాడుగ మాత్రం ఆపొద్దనీ, ఆయన చేత్తో తీసుకోకపోతే ఫోన్లో పంపి ఆ రుజువు దాచుకోమనీ, తాళం వేసినా కరెంటు పీకినా వెంటనే తన దగ్గరికి రమ్మనీ చెప్పింది సువార్త. నోటీసుకు జవాబు తానే రాస్తానంది. తప్పకుండా గెలుస్తామని మాత్రం చెప్పనంది. ఆ మాటకే తిప్పమ్మకు ఆమె మీద గురి కుదిరింది.

లేవబోతుంటే సువార్త ఇంకొక్క మాట అంది. "మీ అంతట మీరు ఖాళీ చేస్తే మాత్రం నేను చేసేదేమీ ఉండదక్కా."

తిప్పమ్మకు గుంత గుర్తొచ్చింది. పొద్దున తాను బయలుదేరుతుంటే రాయుడు పార వెతుక్కుంటున్నాడు! చెప్పులు చేతపట్టుకుని ఆటో కోసం పరిగెత్తింది.

భయపడినంతా అయింది. రాయుడు మగ్గం మీది పడుగు తీసి, చుట్టి మూలకు పెట్టాడు. గుంత సగం పూడిపోయింది. వాకిట్లో మట్టికుప్ప, గుంత పూడ్చడానికని దాన్ని కూడా శ్రీరంగప్పే దగ్గరుండి తోలించాడట, ఎంత దయ! ఎదురింటి అరుగు మీద కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు.

తిప్పమ్మ ఏడవలేదు. చీర ఎగ్గట్టి గుంతలోకి దిగి చేతులతో మట్టి తోడడం మొదలుపెట్టింది. తోడుతూనే సువార్త చెప్పిందంతా మొగుడికి చెప్పింది. రాయుడు పార మీద ఆనుకుని విన్నాడు.

శ్రీరంగప్ప గడప దాకా వచ్చాడు. "ఏమ్మా తిప్పమ్మా, పూడ్చిన గుంత మళ్లా తవ్వుతారా ఎవరైనా? అరిష్టం కాదా?"

తిప్పమ్మ తలెత్తింది. "నోటీసు ఇచ్చే హక్కు నీకుండాదన్నా. జవాబు చెప్పే హక్కు మాకుండాది. కోర్టు పొమ్మంటే ఈ గుంత పూడ్చి, అలికి, నీకు మొక్కి పోతాం. అంతవరకు మగ్గం ఈడే ఆడతాది."

మళ్లీ వంగి తోడింది. గోళ్ల సందుల్లో రక్తం చిమ్మింది. అది చూశాడు రాయుడు. ఆమె రెక్క పట్టి పైకి లాగాడు, తాను గుంతలోకి దిగాడు. ఒక్కో పారకూ తట్ట నిండుతుంటే తాతల పట్టింపు గుర్తొచ్చింది. అయినా ఆపలేదు.

తట్ట నిండాక దాన్ని నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఇన్నేళ్లలో ఏనాడూ శ్రీరంగప్ప ముఖంలోకి సూటిగా చూసిన మనిషి కాదు.

"అన్నా, ఈ మట్టి నువ్వు తోలించిందే," అన్నాడు. "యాడ పోయమంటావు?"