మొదటి రోజే నిమజ్జనం

సెప్టెంబరు ఇరవై రెండున, అటుకుల బతుకమ్మ నాడు, అటుకులు, బెల్లం తిన్నట్టు లింగమూర్తికి బాగా గుర్తు. సిరిసిల్ల నుంచి కొత్తగా సూరత్‌కు తన దగ్గరికి వచ్చిన మనవరాలు కరుణ అవి నములుతూనే, నవరాత్రుల మొదటి రోజు పొద్దున వాకిట్లో గుజరాతీ ఆడవాళ్లు మట్టికుండలో దీపం పెట్టి చుట్టూ గర్బా ఆడటం చూసింది. వాళ్లు చాయ్ తాగడానికి కూర్చోగానే ఆ కుండను ఎత్తుకెళ్లి నీళ్ల డ్రమ్ములో వదిలింది. ఆట అయ్యాక బతుకమ్మను నీళ్లలో వదలాలిగా మరి!

కేకలు వినగానే మంచం కింద దూరింది.

"తాతా, నేను ఊరికి పోత. గీళ్లు నన్ను మళ్ల ఆటకు రానియ్యరు."

"జర బయటికి రా బిడ్డా. ఆ కుండ తొమ్మిది రోజులుండాలె. నీకు నేనే చెప్పకపోతి."

ఇంతలో పక్కింటి హంసాబెన్ తడి కుండ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. లింగమూర్తి గబగబా చేతులు జోడించాడు.

"కాకా, మేం తొమ్మిది రోజులకు చేసే పని మీ పిల్ల ఒక్క పూటలో కానిచ్చేసింది!" అని ఆమె హిందీలో పగలబడి నవ్వింది. "దీపం ఆర్పిందిగా, రోజూ వెలిగించే డ్యూటీ ఇక తనదే. తను రాకపోతే ఆట మొదలుకాదని చెప్పండి."

లింగమూర్తి ఆ మాట తెలుగులో చెప్పాడు. మంచం కింది నుంచి మొదట జడ, తర్వాత మొహం బయటికొచ్చాయి.

ఆ సాయంత్రం కరుణ దీపం వెలిగించి, గర్బాలో బతుకమ్మ అడుగులే వేసింది. వెనకున్న పిల్లలు అవే నేర్చుకున్నారు.

ఆమె నిద్రపోయాక లింగమూర్తి ఎందుకైనా మంచిదని డ్రమ్ముకు మూత పెట్టి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.